ఎస్‌ఎంపీఎస్ హీట్‌సింక్‌లు కోసి చిన్న క్యాబినెట్‌లో పట్టించవచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. పాత బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లోంచి తీసిన 300 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటుని కంప్యూటర్‌కి కావలసిన తక్కువ వోల్టేజికి మార్చే పవర్ సప్లై) ఉంది, వెనకాల 80 మి.మీ. ఫ్యాన్ ఉన్న రకం. విజయవాడలో రేకుతో చేయించుకున్న మినీ ఐటీఎక్స్ (చిన్న సైజు మదర్‌బోర్డు) క్యాబినెట్‌లో దానికి మిగిలిన ఎత్తు 65 మి.మీ. ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఎత్తేమో 86. పోనీ డబ్బా తీసేసి బోర్డు ఒక్కటే పెడదామంటే హీట్‌సింక్‌లు (వేడిని లాగే అల్యూమినియం పలకలు) 60 మి.మీ. లేచి ఉన్నాయి, మూత పడట్లేదు. అందుకని రెండు సింక్‌లనీ పైనుంచి 20 మి.మీ. కోసేసి, తగ్గిన చల్లదనానికి బదులుగా రెండింటినీ క్యాబినెట్ రేకుకే బోల్టులతో బిగిస్తే రేకంతా హీట్‌సింక్ అయిపోతుంది కదా అన్నది మీ ఆలోచన.

కోయడం వరకు సరే, పద్ధతిగా చేస్తే అవుతుంది. రేకుకి బిగించడం మాత్రం వద్దే వద్దు. మీరు వేడి గురించే ఆలోచించారు. ఎస్‌ఎంపీఎస్‌లో హీట్‌సింక్ మీద చెయ్యి వేసేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అది ఏ కరెంటు మీద కూర్చుని ఉందని. వేడి లెక్క ఆ తర్వాతే.

బోర్డుని ట్రాన్స్‌ఫార్మర్ రెండుగా విడదీస్తుంది. కరెంటు వైరు వచ్చే వైపు ప్రైమరీ, రంగురంగుల వైర్లు బయటికి పోయే వైపు సెకండరీ. ప్రైమరీ సింక్ మీద మాస్‌ఫెట్‌లు, అంటే కరెంటుని వేగంగా ఆన్-ఆఫ్ చేసే స్విచ్‌లు ఉంటాయి. వాటి వెనక లోహపు పలకే డ్రెయిన్ అనే కాలు, అంటే సప్లై నడుస్తున్నప్పుడు దానిమీద 400 వోల్టుల దాకా సెకనుకి వేలసార్లు ఎక్కిదిగుతూ ఉంటుంది. పలకకీ సింక్‌కీ మధ్య సిలికాన్ ప్యాడ్ గానీ మైకా ముక్క గానీ వేస్తారు. సింక్‌నేమో ఎక్కువ డిజైన్లలో పెద్ద కెపాసిటర్ నెగటివ్‌కి కలిపేస్తారు, నాయిస్ తగ్గడానికి. ఇక్కడే చాలామంది పొరబడతారు: "నెగటివే కదా, సున్నా వోల్టులే కదా" అని. ఆ నెగటివ్ సున్నా అయ్యేది ఆ కెపాసిటర్ లెక్కలో. ఇంటి ఎర్త్ లెక్కలో చూస్తే అది ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ డయోడ్ల గుండా ఫేజుకి వేలాడుతూ ఉంటుంది. 230 వోల్టుల ఏసీ శిఖరం 325 వోల్టులు. ప్రతి సైకిల్‌లో ఒక సగం పాటు ఆ సింక్ ఎర్త్‌కి 325 వోల్టుల కింద దాకా దిగుతుంది. ముట్టుకుంటే ప్లగ్గులో వేలు పెట్టినదానికీ దీనికీ తేడా లేదు.

ఇప్పుడు దాన్ని రేకుకి బోల్టు వేశారనుకోండి. ఇంట్లో ఎర్త్ సరిగా ఉంటే స్విచ్ వేసిన క్షణంలో ఎర్త్ నుంచి సింక్‌లోకి, అక్కణ్నుంచి బ్రిడ్జ్ గుండా ఫేజులోకి దారి దొరుకుతుంది. ఫ్యూజు, బ్రిడ్జ్ పోతాయి, ఎంసీబీ పడుతుంది. నష్టం అంతటితో సరి. ఎర్త్ లేని ఇల్లయితే ఏదీ పోదు, ఏదీ పడదు. కంప్యూటర్ చక్కగా ఆన్ అవుతుంది. క్యాబినెట్ మీద చెయ్యి వేసినవాడే ఎర్త్ అవుతాడు. మన ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉండి, మూడో పిన్నుకి వెనకాల వైరే లేకపోవడం ఎంత మామూలో మీకు తెలియంది కాదు.

సెకండరీ సింక్ సంగతి వేరు. దానిమీద కరెంటుని ఒకే వైపుకి పోనిచ్చే షాట్‌కీ డయోడ్లు ఉంటాయి. వాటి పలక అవుట్‌పుట్ ప్లస్సు, అంటే ఒకదానిమీద 12 వోల్టులు, ఇంకోదానిమీద 5 వోల్టులు. మధ్యలో ప్యాడ్ ఉంటుంది, సింక్ నల్ల వైరుకి కలిసి ఉంటుంది, నల్ల వైరు ఎలాగూ క్యాబినెట్‌కి కలిసేదే. కాబట్టి దీన్ని రేకుకి తాకిస్తే మనిషికి ప్రమాదం లేదు. అయినా నేను బిగించను. రేకు ఇనుము. అల్యూమినియంతో పోలిస్తే అది వేడిని మోయడంలో నాలుగో వంతు కూడా పనికిరాదు, పైగా పలచన. బోల్టు చుట్టూ అరచెయ్యంత మేర వేడెక్కి అక్కడే ఆగిపోతుంది. దానికి తోడు క్యాబినెట్‌ని జరిపినప్పుడల్లా ఆ లాగుడు సింక్ గుండా డయోడు కాళ్ల సోల్డర్ మీద పడుతుంది. కొన్నాళ్లకి కాళ్ల చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు వస్తుంది. అప్పుడు అప్పుడప్పుడు ఆగిపోయే కంప్యూటర్ తయారవుతుంది, తప్పు ర్యామ్‌ది అనుకుని ర్యామ్ మారుస్తారు.

ఇవన్నీ సాధారణంగా ఉండే తీరు. మీ బోర్డులో ఎలా ఉందో మీటర్ పెట్టి చూసుకోవాల్సిందే. చవక రకాల్లో ప్యాడ్ లేకుండా పలకని నేరుగా సింక్‌కి బిగించి, సింక్‌నే గాల్లో వదిలేసినవి కూడా ఉంటాయి. అప్పుడు ప్రైమరీ సింక్ మీద పూర్తి 400 వోల్టులు, సెకండరీ సింక్ మీద 12 వోల్టులు నేరుగా ఉంటాయి.

మీటర్ పెట్టేముందు కెపాసిటర్ ఖాళీ చేయాలి. పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ (గోడ నుంచి లాగే కరెంటుని సాపు చేసే సర్క్యూట్) ఉన్న సప్లైలో పెద్ద కెపాసిటర్ మీద సుమారు 390 వోల్టులు ఉంటాయి. 270 మైక్రోఫారడ్‌లు అనుకుంటే అందులో దాచుకున్న శక్తి 20 జౌల్స్. ప్లగ్గు పీకి గంటయినా, పక్కన ఉండి దాన్ని మెల్లగా ఖాళీ చేయాల్సిన బ్లీడర్ రెసిస్టర్ పోయి ఉంటే అది అలాగే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి ఠాప్పుమనిపించడం కొందరికి సరదా. స్క్రూడ్రైవర్ మొన కరుగుతుంది, కెపాసిటర్ లోపలి కనెక్షన్లు దెబ్బతింటాయి, బోర్డు ట్రాక్ లేచిపోతుంది. 10 కిలో ఓమ్‌ల 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఒకటి తెచ్చుకుని, రెండు కాళ్లకీ ఇన్సులేషన్ ఉన్న వైర్లు అతికించి, రెండు కొసలకీ ప్రోబ్‌లు పెట్టుకోండి. కెపాసిటర్ రెండు కాళ్ల మీద 20 సెకన్లు ఆనిస్తే చాలు, ఒక వోల్టు కూడా మిగలదు. మీటర్‌ని 1000 వోల్టుల డీసీలో పెట్టి చూడండి. రెండు నిమిషాలాగి మళ్లీ చూడండి, పెద్ద కెపాసిటర్లలో కొద్దిగా వోల్టేజి తిరిగి లేస్తుంది. ఒంటి చేత్తో చేయడం, రెండో చెయ్యి వెనక పెట్టుకోవడం పాత టీవీ మెకానిక్‌ల అలవాటు. మంచి అలవాటు.

తర్వాత మీటర్‌ని కంటిన్యుటీలో (రెండు చోట్లూ లోపల కలిసి ఉన్నాయో లేదో చూపే సెట్టింగ్) పెట్టి నాలుగు కొలతలు తీయండి. ప్రైమరీ సింక్ నుంచి కెపాసిటర్ నెగటివ్‌కి, ప్రైమరీ సింక్ నుంచి దానిమీదున్న ఒక్కో మాస్‌ఫెట్ పలకకి, సెకండరీ సింక్ నుంచి నల్ల వైరుకి, సెకండరీ సింక్ నుంచి ఒక్కో డయోడు పలకకి. కాగితం మీద రాసి పెట్టుకోండి. కోసి మళ్లీ బిగించాక ఈ నాలుగూ మొదట ఎలా ఉన్నాయో సరిగ్గా అలాగే రావాలి. ఒక్కటి మారినా ఆన్ చేయకూడదు.

ఇక ఎత్తు. 20 మి.మీ. కోయాలన్న లెక్క ఎలా వచ్చిందో గానీ అంత అక్కర్లేదు. క్యాబినెట్ లోపలి ఎత్తు 63 అనుకుందాం, రేకు మందం పోగా. బోర్డు కింద దాన్ని రేకు నుంచి ఎత్తి పట్టే స్టాండాఫ్ 6 మి.మీ., బోర్డు మందం 1.6. పైన మిగిలింది 55. ప్రైమరీ సింక్‌కీ పైమూతకీ మధ్య కనీసం 4 మి.మీ. గాలి ఉండాలి, దానికి తోడు పాలిస్టర్ షీటు. నేనైతే 8 వదులుతాను, ఎందుకంటే రేకు మూత మధ్యలో నొక్కితే రెండు మూడు మి.మీ. లోపలికి వంగుతుంది. అంటే సింక్ 47 మి.మీ. ఉండొచ్చు, మీరు కోయాల్సింది 13. ఇంకో మాట, బోర్డు మీదున్న పెద్ద కెపాసిటర్ ఎత్తు కూడా కొలవండి. ఈ సైజు సప్లైల్లో అది 40, 45 మి.మీ. దాకా ఉంటుంది. దానికంటే కిందికి సింక్ కోసి సాధించేదేమీ లేదు, కెపాసిటర్‌ని ఎలాగూ కోయలేరు కదా.

ఆ 13 మి.మీ.కి ఎంత మూల్యం? చేతిలెక్క వేద్దాం. మీ పని చెప్పారు: 65 వాట్ల ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు లేదు, ఒక ఎస్‌ఎస్‌డీ. గట్టిగా పని చేసినా 120 వాట్లు దాటదు. సప్లై సామర్థ్యం 84 శాతం అనుకుంటే గోడ నుంచి 143 వాట్లు తీసుకుంటుంది, 23 వాట్లు వేడి. ఇందులో ట్రాన్స్‌ఫార్మర్, చోక్‌లు, మాస్‌ఫెట్‌లు, బ్రిడ్జ్ వాటా పోగా సెకండరీ డయోడ్ల వాటా ఓ 7 వాట్లు. షాట్‌కీ డయోడు మీద అర వోల్టు పడుతుంది, 8 ఆంపులు పోతే అదే 4 వాట్లు, 5 వోల్టులు, 3.3 వోల్టుల వాటివి ఇంకో మూడు. సింక్ 80 మి.మీ. పొడవున్న సాదా పలక అనుకుంటే, 60 ఎత్తులో రెండు వైపులా కలిపి 96 చదరపు సెంటీమీటర్లు. మీద గాలి పారుతూ ఉంటే ఇది వాటుకి 3 డిగ్రీల లెక్కన వేడెక్కుతుంది. 47 ఎత్తుకి కోస్తే వాటుకి 3.8 డిగ్రీలు, 40కి కోస్తే 4.5. అంటే 7 వాట్లకి చుట్టూ గాలి కంటే 21 డిగ్రీలు ఎక్కువ ఉండేది 27 అవుతుంది, మీరన్నట్టు 20 కోస్తే 31 అవుతుంది. ఆరు డిగ్రీలకో పది డిగ్రీలకో ఏ డయోడూ చావదు.

అదే గాలి ఆగిపోతే? నిలిచిన గాలిలో 47 మి.మీ. సింక్ వాటుకి 13 డిగ్రీలు. 7 వాట్లకి 91 డిగ్రీలు పైకి. మే నెలలో మీ గదిలోనే 42 ఉంటుంది, క్యాబినెట్ లోపల 50. మొత్తం 141. డయోడు లోపల ఇంకా ఎక్కువ. ఇది వాటి చివరి హద్దు. ఇవన్నీ ఉజ్జాయింపు అంకెలే, మీ పలకకి రెక్కలుంటే మెరుగ్గా వస్తాయి. కానీ దేని బరువు ఎంతో తెలియడానికి ఇది చాలు. సింక్ పొట్టిదా పొడుగుదా అన్నదానికంటే దానిమీద గాలి పారుతోందా లేదా అన్నది పదింతలు ముఖ్యం. మీరు మీ కష్టమంతా ఫ్యాన్ మీద పెట్టండి.

మీ సప్లైలో ఫ్యాన్ వెనకగోడకి ఉండి లోపలి గాలిని బయటికి లాగేది. సింక్ పలకలు సాధారణంగా ముందు నుంచి వెనక్కి, ఆ గాలి దారి వెంబడే నిలబెట్టి ఉంటాయి. కొత్త చోట కూడా గాలి ఆ దిశలోనే పోవాలి. పలకకి అడ్డంగా ఊదితే మొదటి పలక గోడలా అడ్డుపడుతుంది, రెండో పలకకి మిగిలేది ఏమీ ఉండదు. 65 ఎత్తులో 80 మి.మీ. ఫ్యాన్ నిలువుగా పట్టదు. 60 మి.మీ. ఫ్యాన్ పడుతుంది, 25 మి.మీ. మందం ఉన్నది తీసుకోండి. పలచని ఫ్యాన్లు ఎదురుగా ఏ అడ్డూ లేనప్పుడు బాగానే తోస్తాయి గానీ ఇరుకులో చతికిలబడతాయి. ఇంకో పని, బోర్డు మీద ఒక అట్టముక్కనో పాలిస్టర్ షీటునో సొరంగంలా వంచి పెడితే గాలి పక్కదారి పట్టకుండా సింక్‌ల మధ్య నుంచే పోతుంది. ఫ్యాక్టరీ సప్లైల్లో ఫ్యాన్‌కి సగం మూసిన పారదర్శకమైన షీటు చూసే ఉంటారు, అది పెట్టింది ఇందుకే.

ఫ్యాన్ విషయంలో ఒక చిన్న వస్తువుని మర్చిపోతారు. సెకండరీ సింక్‌కి ఆనుకుని, తెల్లటి పేస్టులోనో జిగురులోనో కూరుకుపోయి, రెండు సన్న వైర్లతో ఒక పూసలాంటిది ఉంటుంది. అది థర్మిస్టర్. సింక్ ఎంత వేడెక్కిందో చూసి ఫ్యాన్ స్పీడు పెంచేది అదే. సింక్ కోసేటప్పుడు దాన్ని తీసి, తిరిగి పెట్టకుండా గాల్లో వేలాడదీస్తే ఫ్యాన్ ఎప్పటికీ నెమ్మదిగానే తిరుగుతుంది, సింక్ ఉడికిపోతూ ఉంటుంది. తిరిగి సింక్‌కే, డయోడ్లకి దగ్గరగా అతికించండి. కొత్త ఫ్యాన్ తక్కువ వోల్టేజికే మొదలవుతుందో లేదో కూడా చూసుకోండి. చల్లగా ఉన్నప్పుడు సప్లై ఫ్యాన్‌కి 5 వోల్టుల దగ్గరలోనే ఇస్తుంది, కొన్ని ఫ్యాన్లు దానికి కదలవు.

కోత దగ్గరికి వద్దాం. బోర్డు మీద ఉండగా సింక్‌ని కోయడం, వంచడం రెండూ వద్దు. కోస్తే అల్యూమినియం పొడి బోర్డంతా రాలుతుంది. ఊదితే పోయిందనుకుంటారు, ఒక్క వెంట్రుకంత ముక్క మాస్‌ఫెట్ కాళ్ల మధ్య ఇరుక్కుంటే చాలు. వంచితే సింక్ వంగేలోపే డయోడు కాళ్లు లాగబడతాయి, ప్యాడ్ దగ్గర సందు పడుతుంది.

డయోడ్లకి స్క్రూలు బయటి వైపుకి కనబడుతుంటే పని సులువు. స్క్రూలు విప్పి, డయోడ్లని బోర్డు మీదే నిలబడనిచ్చి, సింక్ కాళ్లు మాత్రం డీసోల్డర్ చేయండి, అంటే సోల్డర్ కరిగించి ఊడదీయండి. ఆ కాళ్లు లావు, కింద ట్రాక్ వెడల్పు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ వాటి ముందు దిగదుడుపే. 60 వాట్లది తీసుకుని, ముందు కాస్త కొత్త సోల్డర్ కలిపి కరగనిచ్చి, అప్పుడు సోల్డర్ పీల్చే పంపు పెట్టండి. స్క్రూలు లోపలి వైపుకి ఉంటే మాత్రం డయోడ్ల కాళ్లతో సహా మొత్తం సెట్టు ఊడదీయక తప్పదు. ఏ డయోడు ఎక్కడుందో ముందే ఫొటో తీసుకోండి, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల ఒకటి 45 వోల్టులది, ఒకటి 100 వోల్టులది.

సింక్ చేతికొచ్చాక 47 దగ్గర గీత గీసి, రెండు చెక్కముక్కల మధ్య పెట్టి వైస్‌లో బిగించి, సన్న పళ్ల హాక్సా బ్లేడుతో కోయండి. అంచుని ఆకురాయితో సాపు చేయాలి. అల్యూమినియం మెత్తన కాబట్టి ఆకురాయి పళ్లలో ఇరుక్కుని, ఆ ఇరుక్కున్న ముక్కే అంచుని గీరేస్తుంది. రాయడానికి ముందు ఆకురాయికి సుద్దముక్క బాగా రుద్దండి, ఇరుక్కోదు. తర్వాత ప్యాడ్ ఆనే చోట, ముఖ్యంగా స్క్రూ రంధ్రం చుట్టూ, గోరుతో తడిమి చూడండి. గోరుకి తగిలే పదునైన మొన ఏదైనా సిలికాన్ ప్యాడ్‌ని గుచ్చేస్తుంది. లైటుకి ఏటవాలుగా పట్టుకుని చూస్తే గోరుకి తగలనివి కూడా మెరుస్తాయి. అన్నీ పోయాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేసి కడిగి ఆరబెట్టండి.

చాలా సింక్‌లకి పైన రెక్కలు పక్కకి వంగి ఉంటాయి, ప్రైమరీవీ సెకండరీవీ ఒకదాని వైపు ఒకటి చూస్తూ. కోసేటప్పుడు ఆ రెక్కలే పోతాయి కాబట్టి మధ్య దూరం పెరుగుతుందే తప్ప తగ్గదు. కానీ తిరిగి సోల్డర్ చేసేటప్పుడు సింక్ ఒరిగి కూర్చుంటే తగ్గుతుంది. రెండింటి మధ్య ఎక్కడ కొలిచినా 8 మి.మీ.కి తగ్గకూడదు. ఆ ఖాళీయే 230 వోల్టులకీ మీ యూఎస్‌బీ పోర్టుకీ మధ్య ఉన్న గోడ.

బిగించేటప్పుడు పాత ప్యాడ్లు తిరిగి వాడకండి. ఒకసారి నొక్కుకుపోయినవి రెండోసారి సరిగా ఆనవు. కొత్త సిలికాన్ ప్యాడ్లు, స్క్రూకి ప్లాస్టిక్ బుష్‌లు తెచ్చుకోండి. హైదరాబాద్ వచ్చే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇవి దొరుకుతాయి, టీఓ-220 ప్యాడ్, బుష్ అని అడిగితే చాలు. బుష్ మర్చిపోతే ప్యాడ్ వేసి లాభం లేదు, స్క్రూ గుండానే పలకా సింకూ కలిసిపోతాయి. మైకా వాడితే రెండు వైపులా పలచగా పేస్టు పూయాలి, సిలికాన్ ప్యాడ్‌కి పేస్టు అక్కర్లేదు. ముందు డయోడుని సింక్‌కి బిగించి, ఆ తర్వాతే కాళ్లు సోల్డర్ చేయండి. ముందు సోల్డర్ చేసి తర్వాత స్క్రూ తిప్పితే ఆ తిప్పుడంతా కాళ్ల మీద పడుతుంది. మాస్‌ఫెట్‌లని కూడా ఊడదీసి ఉంటే, సోల్డర్ చేయడానికి ముందు పలకకీ సింక్‌కీ మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టి చూడండి. మల్టీమీటర్ రెండు మూడు వోల్టులతోనే చూస్తుంది, చిల్లు పడబోతున్న ప్యాడ్‌ని అది పట్టుకోలేదు. మెగ్గర్ కొందరు ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉంటుంది.

క్యాబినెట్‌లో కూర్చోబెట్టేటప్పుడు బోర్డు కింద, పైన, ప్రైమరీ వైపు పక్కన పాలిస్టర్ షీటు తప్పనిసరి. పాత డబ్బాలో ఉన్నదే తీసి వాడుకోవచ్చు. స్టాండాఫ్‌లు పాత రంధ్రాల్లోనే వేయండి, వాటిలో ఒకటి రెండు స్క్రూల గుండానే బోర్డుకి ఎర్త్ అందుతుంది. మీ క్యాబినెట్‌కి పౌడర్ కోటింగ్ చేయించానన్నారు. ఆ రంగు ఇన్సులేటర్. స్క్రూ పడే చోటా, ఆకుపచ్చ-పసుపు ఎర్త్ వైరు బిగించే చోటా మెరిసే రేకు కనబడేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించండి. ప్లగ్గు ఎర్త్ పిన్నుకీ క్యాబినెట్ మూల మూలకీ మీటర్ పెడితే ప్రోబ్‌లు రెండూ కలిపినప్పుడు ఎంత చూపిస్తుందో దాదాపు అంతే చూపించాలి.

మొదటిసారి ఆన్ చేసేది సిరీస్ బల్బు పెట్టి, అంటే సప్లైకి వెళ్లే ఫేజు వైరు మధ్యలో బల్బు కలిపి. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు, ఎల్ఈడీ కాదు. స్విచ్ వేయగానే ఒకసారి వెలిగి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే షార్ట్ ఉన్నట్టు, వెంటనే తీసేయండి. ఆకుపచ్చ వైరుని నల్ల వైరుకి కలిపితే ఫ్యాన్ తిరగాలి. పసుపు మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25, ఆరెంజ్ మీద 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. ఇక్కడివరకు బాగుంటే సిరీస్ బల్బు తీసేయండి. లోడు మీద అది ఉంటే పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ ఉన్న సప్లై తికమకపడి ఆన్-ఆఫ్ అవుతుంది.

లోడుకి మదర్‌బోర్డు వద్దు, కారు హెడ్‌లైట్ బల్బు చాలు. 60/55 వాట్ల హెచ్4 బల్బుకి రెండు ఫిలమెంట్లూ కలిపితే 12 వోల్టుల దగ్గర 9, 10 ఆంపులు లాగుతుంది, మీ కంప్యూటర్‌కి అచ్చం సరిపోయే లోడు. రెండూ ఒకేసారి కలిపితే చల్లటి ఫిలమెంట్ మొదట చాలా ఎక్కువ లాగి సప్లై ప్రొటెక్షన్‌లోకి పోవచ్చు, అంటే తనంతట తనే ఆగిపోవచ్చు. ఒకటి వెలిగాక రెండోది కలపండి. పైమూత వేసి గంటన్నర నడవనివ్వండి. మూత తీసి నడిపిన పరీక్ష లెక్కలోకి రాదు.

వేడి కొలిచేటప్పుడు ప్రైమరీ సింక్ మీద మల్టీమీటర్‌తో వచ్చే థర్మోకపుల్ పెట్టకండి. దాని కొస బోడి లోహం. సింక్‌కి తాకిన క్షణం మీ చేతిలో మీటర్ కూడా ఫేజు మీద ఉన్నట్టే. గన్నులా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడండి. అదీ నేరుగా పెడితే మెరిసే అల్యూమినియం మీద అబద్ధం చెబుతుంది, 80 డిగ్రీలున్నా 40 చూపించవచ్చు. ముందే, ప్లగ్గు తీసి ఉండగా, రెండు సింక్‌ల మీదా ఒక్కో నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి పెట్టుకోండి, ఆ టేపు మీద గురిపెట్టి చదవండి. గన్ను గురి కోసం మూత తీయకుండా వెనక జాలీలోంచి కనబడే చోట టేపు వేస్తే ఇంకా మేలు. చుట్టూ గాలి 35 ఉన్నప్పుడు సింక్ 75 లోపు ఉంటే నాకు తృప్తి. 90 దాటితే ఫ్యాన్ దారి మళ్లీ చూసుకోండి. పక్కనున్న చిన్న కెపాసిటర్లు 105 డిగ్రీల రకాలే అయినా, ప్రతి 10 డిగ్రీలకీ వాటి ఆయుష్షు సగమవుతుంది.

అంతా అయ్యాక ఒక మార్కర్ తీసుకుని దానిమీద 300 వాట్లు అన్న అంకె కొట్టేసి 150 అని రాయండి. పూర్తి 300 వాట్లు లాగితే సెకండరీ వేడి 17 వాట్ల పైమాటే. కోసిన సింక్ మీద అది 65 డిగ్రీలు పైకి, మీ ఊరి మే నెలలో 115 దాటుతుంది. రేపు మీరే మర్చిపోయి గ్రాఫిక్స్ కార్డు పెడతారు, లేదా ఎవరికో ఇచ్చేస్తారు.

ఆన్ చేశాక క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటే వెంటనే హడలిపోకండి, అలాగని వదిలేయకండి. ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి నాయిస్ తగ్గించే వై-కెపాసిటర్లు ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఎర్త్ లేని సాకెట్‌లో ఏ ఎస్‌ఎంపీఎస్ పెట్టినా రేకు మీద సుమారు 115 వోల్టులు, అతి కొద్ది కరెంటుతో, కనబడతాయి. కానీ విప్పి మళ్లీ బిగించిన ఎస్‌ఎంపీఎస్‌లో ఆ జివ్వు వై-కెపాసిటర్‌దో, చిరిగిన షీటుదో ముట్టుకుని తేల్చలేరు. ముందు సాకెట్‌కి ఎర్త్ వేయించండి. ఆ తర్వాత కూడా జివ్వుమంటే ప్లగ్గు పీకి నాలుగు కొలతలూ మళ్లీ తీయండి.

చివరగా, ఇంతకుముందు 230 వోల్టుల వైపు ఎప్పుడూ సోల్డర్ చేసి ఉండకపోతే ఈ ఎస్‌ఎంపీఎస్‌తో మొదలుపెట్టకండి. ఎస్‌ఎఫ్‌ఎక్స్ రకం సప్లై ఎత్తు 63.5 మి.మీ., వెడల్పు 125, లోతు 100. మీ 65 లోపలి కొలతే అయితే ఏమీ కోయకుండానే కూర్చుంటుంది, పైన అనుకున్నట్టు లోపల 63 మాత్రమే ఉంటే పట్టదు. ఫ్లెక్స్ ఏటీఎక్స్ అయితే 40.5 ఎత్తే, కాకపోతే దాని 40 మి.మీ. ఫ్యాన్ గోల చేస్తుంది. 120 వాట్లకయితే మదర్‌బోర్డు 24 పిన్నుల కనెక్టర్ మీదే కూర్చునే చిన్న డీసీ-డీసీ బోర్డు, బయట 12 వోల్టుల అడాప్టర్ పెట్టుకుంటే క్యాబినెట్‌లోకి 230 వోల్టులు రానే రావు. నన్నడిగితే మీ అవసరానికి ఇదే సరైనది. సెకండ్ హ్యాండ్‌లో పాత స్లిమ్ డెస్క్‌టాప్ సప్లైలు కొనేటట్టయితే ముందు కనెక్టర్ చూడండి, చాలావాటికి మామూలు 24 పిన్నులు ఉండవు.

అయినా మీదే వాడతానంటే ఆ నాలుగు కంటిన్యుటీ కొలతలూ, పెద్ద కెపాసిటర్ ఎత్తూ, రెండు సింక్‌లూ కనబడేలా పైనుంచి ఒక ఫొటో పెట్టండి. స్క్రూలు ఏ వైపుకి ఉన్నాయో చూసి, మొత్తం సెట్టు ఊడదీయాలా, సింక్ కాళ్లు విప్పితే సరిపోతుందా చెబుతాను.